ధ్రువ ప్రాంతాల మీథేన్‌ను ఎలా కొలుస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో ఆదివారం ఉదయాల్లో తెలుగు పిల్లలకు సైన్సు చెబుతుంటాను. బడిలో ఒడియాలో చదువుకుని ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు వాళ్లు. ఉత్తర ధ్రువంలో మంచు కరిగి మీథేన్ బయటపడుతోందన్న వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలైనప్పటి నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి పెద్దవాళ్లు కూడా ఫోను చేసి అడుగుతున్నారు. కొందరు భయపడి అడుగుతారు, కొందరు ఇదంతా నిజమేనా అని అడుగుతారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే: ముందు ఎవరు, ఎక్కడ, ఏ నెలలో, దేనితో కొలిచారో చూడండి. అందుకే ఈ జవాబుల్లో ఎక్కువ భాగం కొలిచే పద్ధతుల గురించే రాశాను. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. ఎక్కడి నుంచైనా చదవవచ్చు.

## మొదలుపెట్టే ముందు

అంత చలి ప్రాంతంలో మీథేన్ ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడ పశువులూ లేవు, వరి మడులూ లేవు కదా?

గోబర్ గ్యాస్ గొయ్యిని గుర్తు తెచ్చుకోండి. గాలి తగలని చోట తడి పేడను సూక్ష్మజీవులు తిని మీథేన్ వదులుతాయి. వాటికి పేడే కావాలని లేదు, కుళ్లే పదార్థం ఏదైనా చాలు. ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ఆర్కిటిక్ ప్రాంతపు నేలల్లో వేల ఏళ్ల నాటి గడ్డి, నాచు, వేళ్లు చలికి కుళ్లకుండా అలాగే ఉండిపోయాయి. నేల కరిగి నీరు నిలిస్తే గాలి అందక మీథేన్ పుడుతుంది. నేల కరిగినా నీరు ఇంకిపోయి గాలి ఆడితే ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అంటే కరగడం ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ నేల తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది కూడా చూడాలి.

పెర్మాఫ్రాస్ట్ అంటే మంచుగడ్డేనా?

కాదు. కనీసం రెండేళ్లపాటు వరుసగా సున్నా డిగ్రీల దగ్గరో అంతకన్నా చల్లగానో ఉన్న నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. అది మట్టి కావచ్చు, ఇసుక కావచ్చు, రాయి కావచ్చు. అందులో మంచు చాలా ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు. దాని పైపొర మాత్రం ప్రతి వేసవిలో కరిగి చలికాలంలో మళ్లీ గడ్డకడుతుంది. మొక్కలు వేళ్లూనేది, మీథేన్ ఎక్కువగా పుట్టేది ఆ పైపొరలోనే. అది ఏటికేడు లోతుగా కరుగుతోందా అన్నది శాస్త్రవేత్తలు నేలలోకి ఇనుప చువ్వ గుచ్చి, గట్టిగా తగిలే లోతును కొలిచి తెలుసుకుంటారు. ఇంత సాధారణమైన పనిముట్టు ఇప్పటికీ అక్కడ ప్రతి బృందం చేతిలో ఉంటుంది.

ఆ నేలలో ఎంత కార్బన్ దాగి ఉంది?

ఉత్తర పెర్మాఫ్రాస్ట్ ప్రాంతపు నేలల్లో 1,460 నుంచి 1,600 బిలియన్ టన్నుల సేంద్రియ కార్బన్ ఉందని అంచనా. ఇప్పుడు మొత్తం వాతావరణంలో ఉన్న కార్బన్‌కు ఇది దాదాపు రెట్టింపు. ఇదంతా ఒక్కసారి బయటికి రాదు, వచ్చినదంతా మీథేన్ రూపంలోనూ రాదు.

కార్బన్ డయాక్సైడ్ ఉండగా మీథేన్ మీద ఇంత పట్టింపు ఎందుకు?

ఒక టన్ను మీథేన్ వందేళ్ల లెక్కలో ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 27 నుంచి 30 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. 20 ఏళ్ల లెక్కలో అయితే 80 రెట్ల పైమాటే. గాలిలో దాని ఆయుష్షు దాదాపు ఒక దశాబ్దం కాబట్టి రెండు లెక్కలకూ ఇంత తేడా. 1750 ప్రాంతంలో గాలిలో మీథేన్ వంద కోట్ల భాగాలకు 730 భాగాలు ఉండేది, ఇప్పుడు 1,900 దాటింది. వంద కోట్లకు ఇన్ని భాగాలు అనే ఈ కొలతనే పీపీబీ అంటారు.

గాలిలో ఎంత మీథేన్ ఉందో తెలుస్తున్నప్పుడు నేల నుంచి ఎంత వస్తోందో మళ్లీ కొలవడం ఎందుకు?

చెరువులో నీటిమట్టం చూస్తే నీరు ఎంత ఉందో తెలుస్తుంది. ఏ వాగు నుంచి ఎంత వచ్చిందో, తూము గుండా ఎంత పోయిందో తెలియదు. గాలిలోని గాఢత నీటిమట్టం లాంటిది. అలాస్కాలోని ఉత్కియాగ్విక్, కెనడాలోని అలర్ట్, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని జెప్పెలిన్ కేంద్రాల్లో ఆ మట్టాన్ని ఏళ్ల తరబడి నమోదు చేస్తున్నారు. ఉద్గారం అంటే వాగు ప్రవాహం. అది ఏ నేల నుంచి, ఏ సరస్సు నుంచి, ఏ గ్యాస్ బావి నుంచి ఎంత వేగంతో వస్తోందో తెలిస్తేనే రేపు ఎంత పెరుగుతుందో చెప్పగలం. గాఢతనూ ఉద్గారాన్నీ కలిపేసి మాట్లాడే వార్తలు చాలా వస్తుంటాయి. ఈ రెండింటి తేడా పట్టుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

## నేల మీద, సరస్సుల మీద

నిజంగానే నేల మీద పెట్టె బోర్లించి కొలుస్తారా?

అవును. దాన్ని ఛాంబర్ అంటారు. కటక్‌లోని జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వరి మడుల్లో దశాబ్దాలుగా ఈ పద్ధతిలోనే మీథేన్ కొలుస్తున్నారు. ఆర్కిటిక్‌లో చెట్లు పెరగని చలి మైదానాలను టండ్రా అంటారు, అక్కడా పద్ధతి ఇదే.

ముందుగా ఒక లోహపు చట్రాన్ని నేలలోకి కొన్ని అంగుళాలు దింపి, నేల సర్దుకునే దాకా వదిలేస్తారు. చట్రం పై అంచున చుట్టూ చిన్న గాడి ఉంటుంది. అందులో నీళ్లు పోసి, పారదర్శకమైన పెట్టెను ఆ గాడిలో కూర్చోబెడితే గాలి చొరబడదు. లోపలి గాలి కలిసిపోవడానికి అగ్గిపెట్టె అంత చిన్న ఫ్యాను తిరుగుతుంది. ఒక గొట్టం గుండా నిర్ణీత నిమిషాలకు ఒకసారి సిరంజితో గాలి తీసి, సీసాల్లో నింపి, ప్రయోగశాలలో వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌తో పరీక్షిస్తారు. ఇప్పుడు చాలా బృందాలు వీపున మోయగల లేజరు పరికరాన్ని అక్కడికే తీసుకెళ్తున్నాయి. అది క్షణక్షణం గాఢత చూపిస్తుంది.

పెట్టెలో మీథేన్ నిమిషనిమిషానికీ ఎంత పెరిగిందో గీత గీస్తే ఆ గీత వాలులోనే ఉద్గారం ఉంటుంది. గీత కిందికి వాలితే ఆ నేల మీథేన్‌ను వదలడం లేదు, పీల్చుకుంటోంది.

ఆ అంకెల నుంచి లెక్క ఎలా కడతారు? ఒక ఉదాహరణ చెప్పండి.

పెట్టె ఎత్తు 40 సెంటీమీటర్లు అనుకుందాం. 20 నిమిషాల్లో లోపలి మీథేన్ పది లక్షల భాగాలకు 1.9 నుంచి 2.5 భాగాలకు పెరిగింది. అంటే 0.6 పెరిగింది. 10 డిగ్రీల చలిలో ఒక ఘనపు మీటరు గాలిలో పది లక్షలకు ఒక భాగం మీథేన్ అంటే సుమారు 0.69 మిల్లీగ్రాములు. పెట్టె కింద ఒక చదరపు మీటరు నేల ఉంటే దాని మీద 0.4 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 0.4, 0.6, 0.69 గుణిస్తే దాదాపు 0.166 మిల్లీగ్రాములు. ఇది 20 నిమిషాల లెక్క. రోజుకు అలాంటి 20 నిమిషాలు 72. అంటే చదరపు మీటరుకు రోజుకు సుమారు 12 మిల్లీగ్రాములు. ఎనిమిదో తరగతి పిల్లలు దీన్ని బల్ల మీద సుద్దముక్కతో కట్టేస్తారు. లెక్కలో కష్టమేమీ లేదు. కష్టమంతా ఆ 0.6 నమ్మదగినదేనా అని తేల్చుకోవడంలో ఉంది.

పెట్టె పెట్టడంలోనే తప్పు జరగదా?

జరుగుతుంది. చెరువు గట్టున బురదలో అడుగు వేసి చూడండి, కాలి పక్కనుంచి బుడగలు పైకి వస్తాయి. టండ్రాలోనూ అంతే. కొలిచేవాడి బరువుకే నేలలోని గ్యాసు బయటికి తన్నుకొస్తే అది నేల ఉద్గారం కాదు. అందుకే కొలిచే చోటికి ముందే చెక్కలతో నడకదారి వేసుకుంటారు, దాని మీద నిలబడే పని చేస్తారు. పెట్టె మూసిన మొదటి నిమిషంలో గీత హఠాత్తుగా ఎగిరితే ఆ కొలతను పక్కన పెడతారు. ఎక్కువ సేపు మూసి ఉంచితే లోపల వేడెక్కుతుంది, గ్యాసు పేరుకుని నేల నుంచి రావడమే మందగిస్తుంది. పారేసిన కొలతలు ఎన్నో, ఎందుకు పారేశారో కూడా రాసిన పరిశోధన మీద నాకు నమ్మకం ఎక్కువ.

రెండు అడుగుల దూరంలోనే అంకెలు ఎందుకు అంతగా మారిపోతాయి?

టండ్రా నేల చదునుగా కనిపిస్తుంది కానీ చదును కాదు. నేలలోని మంచు చీలికల వల్ల అది పలకలు పలకలుగా విడిపోయి ఉంటుంది. పలక నడుమ నీరు నిలుస్తుంది, అంచు పొడిగా ఉంటుంది. నడుమ మీథేన్ వస్తుంటే, అడుగు దూరంలోని అంచు దాన్ని పీల్చుకుంటూ ఉండవచ్చు. అక్కడ పెరిగే తుంగ జాతి గడ్డి సంగతి ఇంకొకటి. వరి కాడలో లాగే దాని కాడలోనూ గాలి గొట్టాలుంటాయి. వేళ్ల దగ్గర పుట్టిన మీథేన్ ఆ గొట్టాల గుండా నేరుగా గాలిలోకి వెళ్లిపోతుంది. మట్టి పైపొరలో మీథేన్‌ను తినే బాక్టీరియా ఉంటుంది, కానీ ఈ దారిన పోయేది వాటికి చిక్కదు. కాబట్టి పెట్టె కింద ఆ గడ్డి ఉందా లేదా అన్న ఒక్క తేడాతో కొలత ఎన్నో రెట్లు మారుతుంది.

సరస్సు నుంచి బుడగలుగా వచ్చేదాన్ని ఎలా పట్టుకుంటారు?

నీటిలో గొడుగులా తెరిచిన గరాటను బోర్లించి వేలాడదీస్తారు. అడుగు నుంచి లేచిన బుడగలు గరాట మెడలోకి చేరి, పైనున్న గొట్టంలో నీటిని నెట్టేసి నిలుస్తాయి. ఎన్ని గంటల్లో ఎంత గ్యాసు చేరిందో చూస్తారు.

ఇక్కడి చిక్కు ఏమిటంటే బుడగలు సరస్సు అంతటా సమానంగా రావు. ఒక చోట అసలు రావు, మరో చోట పొయ్యి మీది ఎసరులా మరుగుతాయి. అలాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన కేటీ వాల్టర్ ఆంథొనీ ఈ చిక్కును విడదీసిన తీరు నాకు ఎంతో ఇష్టం. చలికాలం మొదట్లో సరస్సు పైన సన్నటి మంచు కట్టగానే ఆమె బృందం దాని మీద నడుస్తుంది. కింద నుంచి వచ్చిన బుడగలు ఆ మంచులో తెల్లటి నాణేల దొంతరల్లా చిక్కుకుని కనిపిస్తాయి. ఎక్కడెక్కడ ఎన్ని దొంతరలున్నాయో లెక్కపెడితే సరస్సు మొత్తం పటం చేతికొస్తుంది, గరాట ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. 2006లో ప్రచురించిన సైబీరియా సరస్సుల పరిశోధనలో, అక్కడి మీథేన్‌లో సుమారు 95 శాతం బుడగల రూపంలోనే వస్తోందని ఆ బృందం తేల్చింది. పాత కొలతల్లో చాలావరకు బుడగలు లెక్కకు రాలేదు.

టవరు మీద పెట్టిన పరికరం నేల నుంచి వచ్చే గ్యాసును ఎలా కనిపెడుతుంది?

గుణుపురం వారపు సంతకు ఒకే గేటు ఉందనుకోండి. లోపలికి వెళ్లేవాళ్ల సంచులను, బయటికి వచ్చేవాళ్ల సంచులను లెక్కపెడితే సంత నుంచి ఎంత సరుకు బయటికి పోయిందో లోపలికి వెళ్లకుండానే చెప్పవచ్చు. టవరు చేసేది అదే. గాలి ఎప్పుడూ చిన్నచిన్న సుడులుగా పైకీ కిందికీ తిరుగుతుంది. ధ్వని తరంగాలతో పనిచేసే పరికరం సెకనుకు పదిసార్లో అంతకన్నా ఎక్కువో గాలి ఎటు కదులుతోందో చూస్తుంది. పక్కనే లేజరు పరికరం అదే వేగంతో మీథేన్ ఎంతుందో చూస్తుంది. పైకి లేచే సుడిలో మీథేన్ ఎక్కువ, కిందికి దిగే సుడిలో తక్కువ ఉంటే నేల నుంచి వస్తున్నట్టే. అరగంటకు ఒకసారి సగటు తీస్తారు. ఈ పద్ధతి పేరు ఎడ్డీ కోవేరియన్స్. సైబీరియాలో లేనా నది డెల్టాలోని సమోయ్‌లోవ్ దీవి, స్వీడన్‌లోని స్టోర్డాలెన్ చిత్తడి నేల దీనికి పేరున్న చోట్లు.

దీని మేలు ఏమిటంటే నేలను తొక్కాల్సిన పని లేదు, రాత్రీ పగలూ ఆగదు, వందల మీటర్ల మేర సగటు చెబుతుంది. దీనికి ఒక హద్దు కూడా ఉంది. గాలి ఎటు వీస్తే అటువైపు నేలనే అది చూస్తుంది. గాలి దిశ మారితే నిన్నటి నేల, ఇవాళ్టి నేల వేరువేరు. గాలి పూర్తిగా నిలిచిన రాత్రి కొలత పనికిరాదు.

చలికాలంలో అంతా గడ్డకడుతుంది కదా, అప్పుడు కొలవకపోతే ఏం పోతుంది?

చాలా పోతుంది. మనిషి వెళ్లడానికి వీలు కాదని ఎన్నో ఏళ్లు వేసవి కొలతలతోనే లెక్కలు కట్టారు. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లోని జాకెన్‌బెర్గ్‌లో 2007లో తమంతట తామే మూసుకుని తెరుచుకునే ఛాంబర్లను నేల గడ్డకట్టే రోజుల్లోనూ నడవనిచ్చారు. గడ్డకట్టే మంచు పై నుంచి కిందికి దిగుతూ, నడుమ చిక్కిన గ్యాసును పిండి బయటికి నెట్టింది. ఆ కొన్ని వారాల్లో వచ్చిన మీథేన్ వేసవి మొత్తంలో వచ్చినదానికి దాదాపు సమానమని 2008లో ప్రచురించారు. అలాస్కా టండ్రాలోని అయిదు చోట్ల కొలిచిన బృందం, సంవత్సరపు మీథేన్‌లో కనీసం సగం సెప్టెంబరు నుంచి మే వరకు ఉండే చలి నెలల్లోనే వస్తోందని 2016లో చూపింది. పైన మంచు కట్టినా నేల మధ్యపొర సున్నా డిగ్రీల దగ్గరే వారాల తరబడి నిలిచి ఉంటుంది, ఆ పొరలో సూక్ష్మజీవుల పని ఆగదు. జూలై కొలతను పన్నెండు నెలలకు పరిచేసిన లెక్క ఎక్కడైనా కనబడితే అనుమానించండి.

## సముద్రంలో

సముద్రం అడుగు నుంచి వచ్చే మీథేన్ గాలిలోకి చేరుతుందా?

లోతును బట్టి ఉంటుంది. ఓడ నుంచి సోనార్ ధ్వని పంపితే బుడగల వరుసలు నీటిలో నిలువు మంటల్లా తెర మీద కనిపిస్తాయి. స్వాల్‌బార్డ్ పడమటి తీరంలో అలాంటివి 250కి పైగా ఉన్నాయని 2009లో ప్రకటించారు. అయితే లోతైన నీటిలో బుడగ పైకి వచ్చేలోగానే మీథేన్ నీటిలో కరిగిపోతుంది, దాన్ని బాక్టీరియా తింటుంది. అక్కడి ఊటలు కనీసం 3,000 ఏళ్లుగా సాగుతున్నాయని 2014లో తేలింది. కనిపించిన ప్రతి బుడగా ఈ మధ్య పెరిగిన వేడి వల్ల పుట్టింది కాదని దీంతో అర్థమైంది.

తూర్పు సైబీరియా తీరపు సముద్రం లోతు తక్కువ, అందుకే ఆందోళన అక్కడ ఎక్కువ. నటాలియా షఖోవా, ఇగోర్ సెమిలెటోవ్ అనే శాస్త్రవేత్తల బృందం 2014లో అక్కడి నుంచి ఏటా 1.7 కోట్ల టన్నులు వస్తోందని అంచనా వేసింది. అదే ఏడాది ఓడెన్ అనే మంచు తొలిచే ఓడ మీద ఎడ్డీ కోవేరియన్స్ పరికరంతో వెళ్లిన మరో బృందపు లెక్క ఏటా సుమారు 30 లక్షల టన్నులే అయింది. తీవ్రంగా ఉబికే చోట్లు రెండు బృందాలకూ కనిపించాయి. అవి ఎంత విస్తీర్ణంలో ఉన్నాయని అనుకోవాలన్న దగ్గరే అయిదు రెట్లకు పైగా తేడా పుట్టింది.

మన బంగాళాఖాతంలోనూ మీథేన్ హైడ్రేట్లు ఉన్నాయట. అవీ కరుగుతాయా?

ఉన్నాయి. 2006లో భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద తవ్వినప్పుడు కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ, మన ఒడిశా తీరానికి దూరంగా మహానది బేసిన్‌లోనూ నమూనాలు దొరికాయి. హైడ్రేట్ అంటే నీటి అణువుల పంజరంలో మీథేన్ ఇరుక్కున్న మంచులాంటి పదార్థం. అధిక పీడనం, చల్లదనం ఉంటేనే అది నిలుస్తుంది. ఇక్కడ అది సుమారు వెయ్యి మీటర్లు, అంతకన్నా లోతైన నీటి కింద ఉంది. గోపాలపురం ఒడ్డున నీరు వేడెక్కినంత మాత్రాన ఆ లోతుకు ఇప్పట్లో వేడి చేరదు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘమైన ఐపీసీసీ ఆరో నివేదిక కూడా ఈ శతాబ్దంలో సముద్రపు హైడ్రేట్లు మీథేన్ లెక్కను గుర్తించదగినంతగా మార్చే అవకాశం చాలా తక్కువని చెప్పింది.

## ఆకాశం నుంచి

ఉపగ్రహాలు ఉండగా ఇన్ని తిప్పలు ఎందుకు?

మీథేన్‌ను చూసే ఉపగ్రహాల్లో ఎక్కువ భాగం నేల మీద పడి తిరిగొచ్చిన సూర్యకాంతిలో మీథేన్ మింగిన రంగును చూస్తాయి. ఆ రంగు కంటికి కనిపించని పరారుణ కాంతిలో ఉంటుంది. ధ్రువాల దగ్గర ఈ పద్ధతికి వరుసగా అడ్డంకులే. చలికాలమంతా చీకటి. వేసవిలో సూర్యుడు దిగంతం దగ్గరే ఉంటాడు కాబట్టి కాంతి గాలిలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణిస్తుంది. మేఘాలు ఎక్కువ. మన కంటికి తెల్లగా మెరిసే మంచు ఆ పరారుణ కాంతిలో నల్లగా ఉంటుంది, నీరూ అంతే.

2017 అక్టోబరులో పంపిన సెంటినెల్-5పీ ఉపగ్రహం మీది ట్రోపోమి పరికరం రోజూ దాదాపు భూమి అంతటినీ చూస్తుంది. అది తీసే చిత్రంలో ఒక్కో గడి నేల మీద సుమారు 5.5 కి.మీ. పొడవు, 7 కి.మీ. వెడల్పు. పర్లాకిమిడి పట్టణం మొత్తం ఒక గడిలో ఇమిడిపోతుంది. గ్యాసు పైపు పగిలితే పట్టేస్తుంది కానీ చిన్న సరస్సు అంచున లేచే బుడగలు దానికి ఆనవు. ఫ్రాన్సు, జర్మనీ కలిసి తయారు చేస్తున్న మెర్లిన్ ఉపగ్రహం తన లేజరు కాంతిని తానే పంపుతుంది కాబట్టి చీకట్లోనూ చూడగలదు.

విమానాలతో కొలిచేది దేనికి?

పెట్టెకూ ఉపగ్రహానికీ మధ్యనున్న ఖాళీ కోసం. నాసా చేపట్టిన ఆర్కిటిక్-బోరియల్ పరిశోధనలో తిరిగొచ్చిన సూర్యకాంతిలో మీథేన్ జాడ చూసే అవిరిస్-ఎన్‌జీ అనే పరికరాన్ని విమానానికి తగిలించి అలాస్కా, వాయవ్య కెనడాల మీదుగా తిప్పారు. సుమారు 30,000 చదరపు కిలోమీటర్లలో 20 లక్షల చోట్ల మీథేన్ జాడ దొరికిందని, అవి నిలవ నీటి అంచుల దగ్గర ఎక్కువగా గుమికూడి ఉన్నాయని 2020లో ప్రచురించారు. ఇస్రో సహకారంతో ఇదే పరికరం 2015-16లో మన దేశం మీద కూడా ఎగిరింది.

## లెక్క కట్టేటప్పుడు

ఒక చదరపు మీటరు కొలిచి ఆర్కిటిక్ మొత్తానికి ఎలా చెబుతారు?

రెండు దారులున్నాయి. మొదటిది కింది నుంచి పైకి. తడి నేల, పొడి నేల, సరస్సు ఇలా రకాలుగా విడగొట్టి, ఒక్కోదాని సగటు ఉద్గారాన్ని దాని విస్తీర్ణంతో గుణించి కలుపుతారు. ఇందులో ఒక చిన్న మడుగు చిత్తడి నేలల పట్టికలోనూ సరస్సుల పట్టికలోనూ చేరిపోయి రెండుసార్లు లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. రెండోది పై నుంచి కిందికి. కేంద్రాల్లో, ఉపగ్రహాల్లో కనిపించిన గాఢతను తీసుకుని, గాలులు ఎటు వీచాయో కంప్యూటర్ నమూనాతో వెనక్కి నడిపి, ఎక్కడ ఎంత వచ్చి ఉండాలో తేలుస్తారు. సైబీరియాలోని జోటినో దగ్గర 304 మీటర్ల ఎత్తైన టవరు కట్టింది ఇందుకే. అంత ఎత్తున గాలి వందల కిలోమీటర్ల నేల కబురు మోసుకొస్తుంది.

రెండు దారుల అంకెలూ సాధారణంగా కలవవు, కింది నుంచి కట్టిన లెక్కే ఎక్కువ వస్తుంది. 60 డిగ్రీల ఉత్తరాన ఉన్న ప్రాంతమంతా కలిపి ప్రపంచ మీథేన్ ఉద్గారాల్లో ప్రస్తుతం 4 నుంచి 5 శాతం మేర ఉంటుంది. ఎక్కువ భాగం ఉష్ణమండలం నుంచే వస్తోంది.

వచ్చిన మీథేన్ వేల ఏళ్ల నాటిదా, నిన్నటి గడ్డిదా? ఎలా తెలుస్తుంది?

కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ చెబుతుంది. మొక్క చనిపోయాక దానిలోని కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతుంది, కాబట్టి ఎంత మిగిలిందో చూసి వయసు చెప్పవచ్చు. సైబీరియాలో కరుగుతున్న సరస్సు అంచుల బుడగల్లోని మీథేన్ వయసు 35,000 నుంచి 43,000 ఏళ్ల మధ్య తేలింది. అది నిజంగా పాత నేల కరిగి వచ్చినదే. మరికొన్ని చిత్తడి నేలల్లో వచ్చేది ఈ మధ్యకాలపు మొక్కలది. రెండూ వాతావరణాన్ని ఒకేలా వేడెక్కిస్తాయి. అయితే మొదటిది పాత నిల్వ తెరుచుకుంటోందన్న సూచన.

సైబీరియాలో గ్యాస్ బావులు చాలా ఉన్నాయి. వాటి లీకును నేల మీద నెట్టేయడం లేదు కదా?

మంచి సందేహం. దీనికి కార్బన్-13 సాక్ష్యం ఉంది. సూక్ష్మజీవులు చేసిన మీథేన్‌లో బరువైన కార్బన్-13 తక్కువగా, భూగర్భ వేడిలో పుట్టిన సహజవాయువులో కొంచెం ఎక్కువగా ఉంటుంది. బావుల్లోని వాయువులో ఈథేన్ కూడా కలిసి వస్తుంది, బురదలోని దానిలో దాదాపు ఉండదు. 2007 నుంచి ప్రపంచ గాలిలో మీథేన్ పెరుగుతూ, అందులో కార్బన్-13 వాటా తగ్గుతూ వస్తోంది. పెరుగుదలలో సూక్ష్మజీవుల వాటా పెద్దదని దీని అర్థం. చిత్తడి నేలలు, పశువులు, చెత్తగుట్టలు అన్నీ అందులోకే వస్తాయి.

రష్యా నుంచి కొలతలు రావడం లేదంటే పెద్ద నష్టమా?

చాలా పెద్దది. ఆర్కిటిక్ నేలలో దాదాపు సగం రష్యాలోనే ఉంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పాశ్చాత్య సంస్థలకు అక్కడి కేంద్రాలతో రాకపోకలు తెగిపోయాయి. మిగిలిన కేంద్రాలు ఆర్కిటిక్ మొత్తానికి సరైన నమూనా కావని 2024లో ప్రచురితమైన పరిశోధన చూపింది. ఏళ్ల తరబడి సాగే కొలతలో ఒక్కసారి ఖాళీ పడితే ఆ సంవత్సరాలను తర్వాత ఎవరూ నింపలేరు. ఈ విషయం చెప్పేటప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది.

## వార్తలు చదివేటప్పుడు

మీథేన్ బాంబు పేలబోతోందని వీడియోలో చూశాను. నిజమేనా?

అలా ఒక్కసారిగా ఉప్పెనలా వస్తే ఆర్కిటిక్ కేంద్రాల్లో గాఢత మిగతా ప్రపంచం కన్నా వేగంగా ఎగబాకాలి. అలాంటి జాడ ఆ కొలతల్లో ఇంతవరకూ కనిపించలేదు. 2020 నుంచి 2022 వరకు మీథేన్ రికార్డు వేగంతో పెరిగిన మాట నిజం. ఆ పెరుగుదలలో ముఖ్య పాత్ర ఉష్ణమండల చిత్తడి నేలలది, గాలిలో మీథేన్‌ను కరిగించే రసాయన శక్తి 2020లో తగ్గడానిది. దీనర్థం ఆర్కిటిక్ క్షేమంగా ఉందని కాదు. 1979 నుంచి అది ప్రపంచ సగటు కన్నా దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కుతోంది. దశాబ్దాల పాటు నెమ్మదిగా, తగ్గకుండా కారే ఉద్గారం కూడా ప్రమాదమే. అదొక్క రోజు వార్తగా రాదు కాబట్టి కొలత అవసరం ఇంకా ఎక్కువ.

సైబీరియాలోని యమల్ ద్వీపకల్పంలో నేల పేలి గుంటలు పడ్డాయి కదా?

పడ్డాయి. మొదటిది 2014లో కనిపించింది. దాని అడుగున గాలిలో మీథేన్ 9.6 శాతం దాకా ఉందని అప్పుడు కొలిచారు. గడ్డకట్టిన నేల మూత కింద గ్యాసు పీడనం పెరిగి పేలిందన్నది ప్రధాన వివరణ. చూడటానికి భయంకరమే, కానీ నిశ్శబ్దంగా ఉబికే లక్షల సరస్సులతో పోలిస్తే ఆ గుంటల నుంచి వచ్చేది స్వల్పం.

దక్షిణ ధ్రువంలోనూ ఇలాగే ఉందా?

అక్కడ బయటికి కనిపించే నేల తక్కువ, కాబట్టి టండ్రా లాంటి చిత్తడులు దాదాపు లేవు. అంటార్కిటికా తీరపు రాస్ సముద్రంలో 2011లో మొదలైన ఒక మీథేన్ ఊట గురించి 2020లో ప్రచురించారు. అయిదేళ్లు గడిచినా దాన్ని పూర్తిగా తినేంత సూక్ష్మజీవుల గుంపు అక్కడ కూడుకోలేదు.

మా ఊళ్లో టిట్లీ తుపాను చేసిన విధ్వంసానికి ధ్రువాల మీథేనే కారణమా?

2018 అక్టోబరులో టిట్లీ గజపతి జిల్లాను ఎలా ముంచిందో మనం మరచిపోలేం. కానీ ఒక తుపానును ఒక ప్రాంతపు వాయువుతో ముడిపెట్టడానికి ఆధారం లేదు. చెప్పగలిగింది ఇంత: మీథేన్ దాదాపు ఒక దశాబ్దం గాలిలో ఉంటుంది, ఆ లోగా ప్రపంచమంతా కలిసిపోతుంది. ఎక్కడ బయటపడినా అది మన ఆకాశంలోనూ వేడిని పట్టి ఉంచుతుంది. సముద్రం వేడెక్కిన కొద్దీ తుపాన్లకు బలం, వానలకు నీరు ఎక్కువగా దొరుకుతాయి.

## మన దగ్గర

ఈ సరిహద్దు జిల్లాల్లో చదువుకున్న పిల్లలు ఈ పనిలోకి వెళ్లగలరా?

వెళ్లగలరు. స్వాల్‌బార్డ్‌లోని నీ-ఒలెసుండ్‌లో 2008 నుంచి మన హిమాద్రి కేంద్రం ఉంది. 2023 డిసెంబరు నుంచి చలికాలంలోనూ మనవాళ్లు అక్కడ పని చేస్తున్నారు. అంటార్కిటికాలో మైత్రి, భారతి కేంద్రాలున్నాయి. వీటన్నిటినీ గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం నడుపుతుంది. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాల్లో ఏదైనా గట్టిగా చదివితే దారి ఉంటుంది. బరంపురంలోనే ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్య, పరిశోధన సంస్థ ఉంది. ఏ భాషలో చదివామన్నది అడ్డు కాదు. గణాంకశాస్త్రం మాత్రం నిర్లక్ష్యం చేయవద్దని ప్రతి బిడ్డకూ చెబుతాను.

మా చెరువులో బుడగలను మేమే కొలిచి చూడవచ్చా?

చూడవచ్చు, పెద్దవాళ్లు పక్కన ఉంటేనే. మోకాలి లోతు దాటవద్దు. నూనె పోసుకునే పెద్ద ప్లాస్టిక్ గరాట, దాని మెడకు సరిపోయే పారదర్శకమైన సీసా, కొంత థర్మోకోలు, తాడు, ఒక ఇటుక చాలు. సీసాను పూర్తిగా నీటితో నింపి, నీటిలో ముంచే ఉంచి, బోర్లించిన గరాట మెడకు బిగించండి. లోపల గాలి ఒక్క చుక్క కూడా ఉండకూడదు. థర్మోకోలుతో తేలేలా చేసి, ఇటుకకు కట్టిన తాడుతో ఒక చోట నిలపండి. చుట్టుపక్కల బురద తొక్కవద్దు.

మా పిల్లలు మే నెలలో పెట్టినప్పుడు తామర ఆకుల దగ్గరి సీసాలో మర్నాటికి వేలెడు గాలి నిలిచింది. నడి చెరువు వైపు పెట్టినదానిలో ఏమీ లేదు. ఒక్క సీసా పెట్టి ఉంటే ఆ చెరువు గురించి తప్పు చెప్పేవాళ్లం. సీసాలో చేరినదంతా మీథేన్ కాదు, నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కూడా ఉంటాయి. దానికి అగ్గిపుల్ల చూపించవద్దు. పెట్టిన గంట, తీసిన గంట, నీటి వేడి, వాన పడిందా లేదా, గరాట నోటి వెడల్పు, చేరిన గాలి మిల్లీలీటర్లు నోటుపుస్తకంలో రాయండి. ఏమీ చేరని రోజు సున్నా అని రాయండి, ఆ వరుస ఖాళీగా వదలకండి.